హాస్టల్ సంగతి తర్వాత, ముందు ఆయనతో చెప్పండి

మా అబ్బాయి విజయవాడలో ఇంటర్ రెండో ఏడాది. బ్యాగులో గంజాయి చుట్టుకునే ఓసీబీ పేపర్లు, గంజాయి పొట్లం దొరికాయి. ఫస్టియర్లో రెండు సబ్జెక్టులు పోయినా, అడిగినప్పుడల్లా ఐదొందలు ఫోన్‌పే చేస్తున్నా వాళ్ల నాన్నకు చెప్పలేదు. ఇప్పుడూ ఆయనకు తెలియకుండా, కట్టుదిట్టంగా ఉండే హాస్టల్లో వేద్దామనుకుంటున్నాను. ఎలాంటిది మంచిది?
– ఒక తల్లి, గుంటూరు

ఏదీ మంచిది కాదమ్మా. పెట్టెతోపాటే అలవాటూ వెళ్తుంది.

వాడు దాచడం నేర్చుకున్నది స్నేహితుల దగ్గర కాదు, మీ దగ్గర. తండ్రి కోపాన్నుంచి కాపాడుతున్నాననుకుని, అసలు తండ్రే లేకుండా చేశారు. భర్తను బూచిగా చూపించే ఇంట్లో పిల్లాడికి ఎవరి మాటా లెక్కుండదు.

వాడు ఇంట్లో లేనప్పుడు ఆయనకు అంతా చెప్పండి, ఫోన్‌పే లెక్కతో సహా. చెయ్యి చేసుకుంటారని భయముంటే ఆయన మాట వినే మీ అన్నయ్యనో బావగారినో పక్కన కూర్చోబెట్టుకోండి. కొట్టకూడదు, చదువు మాన్పించకూడదు: ఈ రెండూ ముందే తేల్చుకోండి.

మత్తులో లేనప్పుడు ఇద్దరూ కలిసి అడగండి: ఎప్పట్నుంచి, రోజుకెన్నిసార్లు, ఒంటరిగానా, మాత్రలు కూడానా? పొద్దున లేవగానే కావాలంటే అలవాటు ముదిరినట్టే. ఫీజు, బస్‌పాస్ మీరే కట్టండి, చేతికి డబ్బివ్వకండి.

మానేసిన ఒకటి రెండు రోజులకే చిరాకు, నిద్రపట్టకపోవడం, అన్నం సయించకపోవడం మొదలవుతాయి. మొదటి వారం గడ్డుగా ఉంటుంది, సాధారణంగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. చాలామంది తల్లులు జారిపోయేది ఆ వారంలోనే: చూడలేక మళ్లీ డబ్బిస్తారు. మూత్ర పరీక్షతో దొంగను పట్టుకోబోకండి, రోజూ గంజాయి తాగేవాళ్లలో మానేసిన నెల తర్వాత కూడా పాజిటివ్ రావచ్చు. లేని మాటలు వినిపిస్తున్నాయన్నా, అందరూ తనమీద కుట్ర పన్నుతున్నారన్నా అదే రోజు మానసిక వైద్యుడికి చూపించండి.

కేసు భయంతో ఆసుపత్రికి దూరంగా ఉండొద్దు. 1985 నాటి మత్తుపదార్థాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, మత్తుకు అలవాటుపడినవాళ్లు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపున్న చోట వైద్యం పూర్తి చేసుకుంటే, వాడినందుకూ కొద్దిమొత్తం దగ్గరున్నందుకూ ప్రాసిక్యూషన్ ఉండదు. వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అలాంటి వైద్య కేంద్రం ఎక్కడుందో మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి కనుక్కోండి.

డాక్టరు దగ్గరికి ముగ్గురూ వెళ్లండి. వాణ్ణి మాత్రం లోపలికి ఒక్కణ్ణే పంపండి. బయటికొచ్చాక ఏం చెప్పావురా అని అడగొద్దు.