మూడోసారి ఎందుకు కుదరదు? అమెరికా 22వ సవరణపై పాఠకుల సందేహాలు

ప్ర: రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఉండకూడదని జార్జ్ వాషింగ్టన్ నియమం పెట్టాడని చదివాను. మరి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ నాలుగుసార్లు ఎలా గెలిచారు?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జ: వాషింగ్టన్ నియమమేమీ పెట్టలేదు. 1787 నాటి రాజ్యాంగంలో పదవీకాలం నాలుగేళ్లని ఉంది కానీ, ఎన్నిసార్లన్నది లేదు. ఏడేళ్ల పదవి, మళ్లీ పోటీకి వీల్లేదన్న ప్రతిపాదన ఒక దశలో చర్చకు వచ్చినా చివరిదాకా నిలవలేదు. 1796లో వాషింగ్టన్ ఇక చాలనుకున్నది ప్రధానంగా అలసటతో, మౌంట్ వెర్నన్‌లోని సొంత ఇంటికి చేరాలన్న కోరికతో. దాన్ని సిద్ధాంతంగా మలిచింది థామస్ జెఫర్సన్. రాజ్యాంగమో ఆచారమో హద్దు గీయకపోతే, పేరుకు ఎన్నికల పదవే అయినా అది యావజ్జీవ పదవి అయిపోతుందని 1807 డిసెంబరులో వెర్మాంట్ శాసనసభకు రాశారు.

ఆచారమే కదా అని దాటబోయినవాళ్లూ ఉన్నారు. 1880లో మాజీ అధ్యక్షుడు గ్రాంట్‌కు రిపబ్లికన్ టికెట్ దాదాపు చేతికొచ్చి జారిపోయింది. 36వ విడత ఓటింగులో గార్ఫీల్డ్ దాన్ని తన్నుకుపోయారు. 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్ కొత్త పార్టీ పెట్టి మరీ ఓడారు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఒక్కరే, యూరప్‌లో యుద్ధం నడుస్తున్న 1940లో, ఆ గీత దాటగలిగారు. 1944లోనూ గెలిచారు కానీ, నాలుగోసారి ప్రమాణం చేసి మూడు నెలలైనా తిరక్కముందే 1945 ఏప్రిల్ 12న మరణించారు.

తర్వాతి ఎన్నికల్లో ఉభయసభలూ రిపబ్లికన్ల చేతికొచ్చాయి. 1947 మార్చిలో కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) ఎవరూ రెండుసార్లకు మించి ఎన్నిక కారాదనే 22వ సవరణను రాష్ట్రాలకు పంపింది. అప్పటి 48 రాష్ట్రాల్లో 36 ఒప్పుకోవడంతో 1951 ఫిబ్రవరి 27న అది రాజ్యాంగంలో చేరింది. తమాషా ఏమిటంటే, దానికి మొదట కట్టుబడాల్సి వచ్చింది రిపబ్లికన్ అధ్యక్షుడు ఐసెన్‌హోవరే.

ప్ర: గరిష్ఠ పరిమితి 8 ఏళ్లని ఒక గైడులో, 10 ఏళ్లని మరో గైడులో ఉంది. ఏది రాయాలి?
– గ్రూప్స్ అభ్యర్థి, ఖమ్మం

జ: సవరణలో 8 అన్న అంకె గానీ 10 అన్న అంకె గానీ లేదు. అది లెక్కపెట్టేది ముఖ్యంగా ఎన్నికలను. ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కారాదు. ఇది మొదటి భాగం. వేరొకరు గెలిచిన పదవీకాలంలో రెండేళ్లకు మించి అధ్యక్షుడిగా గానీ, తాత్కాలిక అధ్యక్షుడిగా గానీ పనిచేసినవారు ఒక్కసారే ఎన్నిక కావచ్చు, ఇది రెండోది. సరిగ్గా రెండేళ్లయితే ‘మించి’ కాదు కాబట్టి 2+4+4 కలిపి పదేళ్లవుతుంది. మామూలుగా గెలిచి వచ్చినవారికి ఎనిమిదే.

లెక్క వేసే పద్ధతి ఇది. ముందు అధ్యక్షుడి పదవీకాలం ఏ జనవరి 20 మధ్యాహ్నం 12కు ముగియాలో చూడండి. వారసుడు బాధ్యత తీసుకున్న రోజు నుంచి అప్పటిదాకా ఎంతుందో లెక్కించండి. కెనెడీ హత్య 1963 నవంబరు 22న జరిగింది. ఆ పదవీకాలం 1965 జనవరి 20 దాకా ఉంది. అంటే వారసుడు జాన్సన్ పూర్తి చేసింది 14 నెలలే. 1964లో గెలిచినా, 1968లో మరోసారి పోటీకి ఆయన అర్హులే, తప్పుకున్నది రాజకీయంగా. నిక్సన్ రాజీనామాతో ఫోర్డ్ 1974 ఆగస్టు 9న వచ్చారు. నిక్సన్ పదవీకాలంలో రెండేళ్ల ఐదు నెలలకు పైగా మిగిలింది. 1976లో గెలిచి ఉంటే ఆయనకు అదే ఆఖరు ఎన్నిక అయ్యేది.

ఎక్కువమంది తడబడేది ట్రూమన్ దగ్గర. రూజ్‌వెల్ట్ పదవీకాలంలో మూడేళ్ల తొమ్మిది నెలలు నడిపి, 1948లో సొంతంగా గెలిచారు కాబట్టి 1952లో ఆయన అనర్హుడని రాసేస్తారు. తప్పు. కాంగ్రెస్ సవరణను ప్రతిపాదించినప్పుడు పదవిలో ఉన్న వ్యక్తికి ఇది వర్తించదని అందులోనే మినహాయింపు ఉంది. న్యూహాంప్‌షైర్ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థి ఎంపిక కోసం రాష్ట్రంలో జరిగే ఓటింగులో) ఓడాక ట్రూమన్ తనంతట తానే తప్పుకున్నారు.

ప్ర: మధ్యలో విరామం వస్తే లెక్క మళ్లీ మొదలవుతుందా? ఉపాధ్యక్షుడిగా గెలిచి, పైవారు రాజీనామా చేస్తే పదవిలోకి రావచ్చా?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జ: విరామంతో పనిలేదు. 2016, 2024లో గెలిచిన ట్రంప్‌కు రెండూ అయిపోయినట్టే. రెండో ప్రశ్నకు కోర్టు తీర్పు ఏదీ లేదు. అధ్యక్ష పదవికి అనర్హుడైనవాడు ఉపాధ్యక్ష పదవికీ అనర్హుడని 12వ సవరణ అంటోంది. అయితే 22వ సవరణ ఎన్నిక కావడాన్నే నిషేధించింది, పదవి నిర్వహించడాన్ని కాదు అని కొందరు న్యాయపండితుల వాదన. పదాల వరకు ఆ వాదనలో పట్టుంది. ఉద్దేశం చూస్తే మాత్రం దొడ్డిదారే.

సవరణను తీసేయాలంటే ఉభయసభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, 50లో 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు. 13 రాష్ట్రాలు కదలకపోతే చాలు, ప్రయత్నం అక్కడే ఆగుతుంది. ఇప్పటిదాకా రద్దయిన సవరణ ఒక్కటే: మద్యనిషేధానికి చెందిన 18వది, 1933లో.

ప్ర: మన రాష్ట్రపతికీ రెండుసార్లే కదా?
– ఉపాధ్యాయుడు, కర్నూలు

జ: కాదు. 57వ అధికరణ మళ్లీ ఎన్నికయ్యే అర్హత ఇస్తుంది, ఎన్నిసార్లన్న పరిమితి పెట్టలేదు. 1952లో, 1957లో రెండుసార్లు ఎన్నికైన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఒక్కరే. అంతకుముందు 1950లో ఆయన్ని ఎన్నుకున్నది రాజ్యాంగ సభ. నీలం సంజీవరెడ్డి సహా మిగతావారెవరూ రెండోసారి ఎన్నిక కాలేదు. అది ఆనవాయితీయే తప్ప నిషేధం కాదు.