నిరుద్యోగ భృతి వెనక్కి కట్టమన్న నోటీసుకు సమాధానం

కాలిఫోర్నియాలో మీకు నిరుద్యోగ భృతి ఎక్కువ ఇచ్చామని, వెనక్కి కట్టమని నోటీసు వచ్చిందన్నారు కదండీ. కంగారుపడి చెక్కు రాసేయకండి. అందులో మోసం అన్నారా లేదా అన్నది ముందు చూడండి, అసలు కథంతా అక్కడే ఉంది. మోసం కాకపోతే ఇకపై వచ్చే వారపు భృతిలో కోత 25 శాతమే. మోసమంటే మొత్తం పోతుంది, పైగా 30 శాతం జరిమానా.

తప్పు మీది కాక, కట్టడం ఇంటికి తీవ్ర భారమైతే మాఫీ దొరకవచ్చు. ఆర్థిక వివరాల ఫారంలో అద్దె, మందుల ఖర్చు ఉన్నదున్నట్టు రాయండి. మనవాళ్లు పరువుకు పోయి తగ్గించి రాస్తుంటారు. నిర్ణయమే తప్పనిపిస్తే అప్పీలుకు గడువు 30 రోజులు. అది మీ చేతికందిన రోజు నుంచి కాదు, నోటీసు పంపిన తేదీ నుంచి. కవరు పారేయకండి.