యోగనిద్ర మానవద్దు, ఆ మాత్ర సంగతి ముందు తేల్చండి

ప్రశ్న: నా వయసు 44. బెంగళూరులో ఐటీ ఉద్యోగం. నిద్ర పట్టక కొన్ని నెలలుగా రాత్రిళ్లు ఫోనులో ఆడియో పెట్టుకుని యోగనిద్ర చేస్తున్నాను. మధ్యలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేస్తున్నాను. ఇది చైతన్యం విస్తరిస్తోందనడానికి సూచనేనా? రోజుకు రెండుసార్లు చేయవచ్చా? గురక పెడుతున్నానని మా ఆవిడ అంటుంది. మరీ నిద్ర రాకపోతే స్నేహితుడు ఇచ్చిన అల్ప్రజోలం అనే మత్తు మాత్ర సగం వేసుకుంటాను.
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: మీరు చివర్లో రాసిన రెండు వాక్యాలే నన్ను కంగారు పెట్టాయి.

యోగనిద్రలో శరీరం విశ్రాంతిగా ఉన్నా మెలకువ పోకూడదు. స్వామి సత్యానంద సరస్వతి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో సంకల్పం చెప్పుకొని, కుడిచేతి బొటనవేలి దగ్గర మొదలుపెట్టి ఒక్కో అవయవం మీదికి మనసును తిప్పుతారు. మీరు బహుశా ఆ మధ్యలోనే నిద్రలోకి జారుకుంటున్నారు. శవాసనంలో వెల్లకిలా పడుకుంటారు కాబట్టి నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుపోవచ్చు. ఆక్సిజన్ తగ్గగానే మెదడే మనిషిని లేపుతుంది. నిద్ర పట్టే వేళ ఒక్కోసారి ఉలిక్కిపడటం ఎవరికైనా మామూలే. గురక, ఊపిరి ఆగడం కూడా తోడైతే మాత్రం స్లీప్ ఆప్నియాను, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బును అనుమానించాలి. పరీక్షించకుండా నేను నిర్ధారించలేను. పొద్దున్నే తలనొప్పి, బీపీ ఉన్నాయేమో మీరు రాయలేదు. పగలు మగతగా ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద బండి నడపకండి.

ఇక ఆ మాత్ర. అల్ప్రజోలం గొంతు కండరాలను మరింత సడలిస్తుంది, ఊపిరి అందనప్పుడు మెదడు లేపే చురుకును తగ్గిస్తుంది. ఆప్నియా ఉన్నవారికి ఈ రెండూ కలిస్తే ప్రమాదం. మద్యం తోడైతే చెప్పనక్కర్లేదు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, చీటీ చూసి అమ్మినా దుకాణదారు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టర్‌లో రాయాలి. ఇంత కట్టడి ఉన్న మందును స్నేహితుడి చేతి నుంచి తీసుకోవడం ఏమిటండీ? చదువుకున్నవారే ఇలా చేస్తే బాధగా ఉంటుంది. అప్పుడప్పుడే వేసుకుంటున్నట్లయితే ఇక ముట్టవద్దు. రోజూ వేసుకునే అలవాటు పడితే మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకండి. వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరే మోతాదు మెల్లగా తగ్గిస్తారు.

యోగనిద్రను పగటిపూట, వెనక్కి ఆనుకుని కూర్చుని చేయండి. రెండుసార్లు చేసినా నష్టం లేదు, రాత్రి నిద్రకు మాత్రం అది బదులు కాదు. ఈ వారంలోనే ఊపిరితిత్తుల నిపుణుణ్ని గానీ ఈఎన్‌టీ డాక్టర్‌ను గానీ కలిసి నిద్ర పరీక్ష గురించి అడగండి. మీ ఊళ్లోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోనూ నిద్ర సమస్యలకు చికిత్స ఉంది. మీరు గురక పెట్టేటప్పుడు రెండు నిమిషాలు వీడియో తీయమని మీ శ్రీమతికి చెప్పండి. వెళ్లేటప్పుడు ఆమెనూ, ఆ మాత్రల స్ట్రిప్పునూ తీసుకెళ్లండి.