బ్రాండ్ పేరు మనం చేసే పనిని చెప్పాలా?

"పేరు చూడగానే మేం ఏం చేస్తామో తెలియాలి కదా, అర్థం లేని మాట పెడితే ఎవరికి గుర్తుంటుంది?" అని కొత్త బ్రాండ్‌కి పేరు వెతుకుతున్న ఒకరు అడిగారు. ఏడేళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను.

మేం ముగ్గురం కలిసి చిన్న వ్యాపారాల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. పేరులో 'ఈజీ', 'బిల్లింగ్' రెండూ ఉండేలా చూసుకున్నాం. మొదట్లో హాయిగానే ఉంది, ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. రెండో ఏడు ఒకాయన ఫోన్ చేసి, డేటా అంతా పోయిందని కేకలేశారు. ఇరవై నిమిషాలు ఆయన అకౌంట్ కోసం వెతికాను. దొరకలేదు. చివరికి స్క్రీన్ ఫోటో పంపమంటే పంపారు. చూస్తే అది మాది కాదు! రెండక్షరాల తేడాతో వేరేవాళ్లు పెట్టుకున్న పేరు. తప్పు వాళ్లది, చెడ్డపేరు మాకు.

ట్రేడ్‌మార్క్, అంటే బ్రాండ్ పేరు మీద హక్కు, వ్యవహారాలు చూసే లాయర్ దగ్గరికి పరిగెత్తాం. చేసే పనిని, దాని గుణాన్ని వర్ణించే మాటలు అందరికీ కావాలి కాబట్టి, వాటి మీద ఒక్కరికే హక్కు దక్కడం చాలా కష్టం అన్నారావిడ. ఏళ్ల తరబడి వాడగా, ఆ మాట వింటే జనానికి మీరే గుర్తొచ్చే దాకా వస్తే తప్ప. కంపెనీ రిజిస్టర్ చేయించాం కదా అన్నాం. అది వేరు, ట్రేడ్‌మార్క్ వేరట. ఈ సంగతి ముందే తెలిసుంటే ఎంత బాగుండేదో!

కెమెరాల కంపెనీ కొడాక్ పేరుకి అర్థమే లేదు. దాని స్థాపకుడు జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో కావాలనే అలా కల్పించాడు. యాపిల్ అందరికీ తెలిసిన మాటే, కానీ కంప్యూటర్‌తో దానికి సంబంధం లేదు. అర్థాన్ని సరుకే నింపుతుంది. మరీ నిండిపోయినా చిక్కే: ఎస్కలేటర్ ఒకప్పుడు ఓటిస్ అనే లిఫ్టుల కంపెనీ ట్రేడ్‌మార్క్. కదిలే మెట్లన్నిటికీ అదే పేరు స్థిరపడిపోవడంతో 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది.

మేం పేరు మార్చి, ఒక కొత్త మాట కల్పించుకున్నాం. "అంటే ఏంటండీ?" అని ఏడాది పాటు ప్రతి ఒక్కరూ అడిగారు, ఓపిగ్గా చెప్పాం. మీరు అనుకున్న పేరుని ఫోన్‌లో ఒకసారి చెప్పి, అవతలివాళ్లని రాయమనండి. తప్పు రాస్తే ఆ పేరు వదిలేయండి. సరిగ్గా రాస్తే, బోర్డు చేయించకముందే ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో వెతకండి. అందులో సరుకులని, సేవలని రకాన్ని బట్టి 45 తరగతులుగా విడదీస్తారు. మీ తరగతిలోనే కాదు, దానికి దగ్గరగా ఉన్నవాటిలోనూ చూడండి.