పలు గొంతుల పాటను తెలుగులో ఏమనాలి?

సందేహం: మాది సికింద్రాబాద్. ముప్పై ఏళ్లుగా చర్చి క్వయర్‌లో ఆల్టో పాడుతున్నాను. ఈమధ్య జార్జియా దేశపు జానపద గానం మీద తెలుగులో ఒక వ్యాసం చదివాను. అందులో పాలిఫోనీని ఒకచోట బృందగానం అనీ, ఒకచోట బహుస్వర గానం అనీ, చివర్లో వంతపాట అనీ రాశారు. మూడూ ఒకటేనా? మా క్వయర్‌లో ఒక పెద్దాయన ‘మనకు ఆ పాటే లేదు, ఇక మాటెక్కడిది’ అంటారు. నిజమేనా? శృతి కలపడం అన్నా ఇదేనా? మా గొంతుల పేర్లకు కూడా తెలుగు మాటలుంటే చెప్పండి.
– ఒక పాఠకురాలు

సమాధానం:

మూడూ ఒకటి కాదమ్మా. అలాగని ఆ వ్యాసకర్తను తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. చాలా ఏళ్ల కిందట నేనూ బృందగానం అనే రాసి, సంగీతం తెలిసిన మిత్రుడి చేత చీవాట్లు తిన్నాను.

బృందగానానికి బృందం ఉంటే చాలు. ఆగస్టు 15న బడి ఆవరణలో వందమంది పిల్లలు ఒకే వరస పాడినా అది బృందగానమే. పాలిఫోనీకి వందమంది అక్కర్లేదు, ఇద్దరు చాలు. కాని ఆ ఇద్దరి వరసలూ వేరుగా ఉండాలి, ఒకేసారి వినిపించాలి, రెండూ కలిస్తేనే పాట కావాలి. మీకు ఇది చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. మీ క్వయర్ ఇంగ్లిష్ పాట పాడేటప్పుడు పైనుంచి కిందికి సోప్రానో, ఆల్టో, టెనార్, బేస్ అనే నాలుగు గొంతులు చేసే పని అదే కదా. అదే క్వయర్ తెలుగు క్రైస్తవ కీర్తన అందుకుంటే, పుస్తకంలో పాట పైన వేసిన రాగతాళాల్లో మామూలుగా అందరూ ఒకే వరస పాడతారు. అది బృందగానం. ఒకే ఆదివారం మీరు రెండూ పాడి ఇంటికి వెళుతున్నారన్నమాట.

వంతపాట వేరు. బుర్రకథలో నడుమ కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. కథకుడు విడిచిన చోట వంతలు ‘తందాన తాన’ అని అందుకుంటారు. బతుకమ్మ చుట్టూ ఒకామె చరణం చెబితే మిగతావాళ్లు ‘ఉయ్యాలో’ అంటారు. అందుకోవడం అన్న మాటలోనే ఉంది కిటుకు: ఒకరి తర్వాత ఒకరు. మా కాలనీలో బతుకమ్మ ఆడేటప్పుడు నేను చెవి ఒగ్గి విన్నాను. చెప్పే ఆమె చివరి అక్షరాన్ని ఇంకా సాగదీస్తుండగానే వెనకవాళ్లు తొందరపడి అందుకుంటారు. ఒకటి రెండు క్షణాలు రెండు వరసలూ ఒకదానిమీద ఒకటి మోగుతాయి. పాలిఫోనీ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేయడం అది. (కావ్యాల్లో వంత అంటే దుఃఖం అని కనిపిస్తుంది. ఆ అర్థాన్ని ఇక్కడికి లాక్కురాకండి.)

ఇక బహుస్వర గానం. ఇక్కడే అసలు చిక్కు. స్వరం అంటే తెలుగులో రెండున్నాయి. ‘ఆయన స్వరం మారింది’ అంటే గొంతు. ‘సప్తస్వరాలు’ అంటే సరిగమలు. మాట్లాడేది పాట గురించి కాబట్టి ఎవరికైనా ముందు తట్టేది సరిగమలే. ఆ లెక్కన చిన్నపిల్ల పాడే గీతం కూడా బహుస్వరమే, ఒక్క స్వరంతో పాటెక్కడుంది? సాహిత్య విమర్శలో బహుస్వరం, బహుళస్వరం అనే మాటలు నిలబడ్డాయంటే కారణం వేరు. రష్యన్ విమర్శకుడు బఖ్తిన్ 1929లో దోస్తయెవ్‌స్కీ నవలల గురించి రాస్తూ పాలిఫోనీ అనే మాటను సంగీతం నుంచి అరువు తెచ్చుకున్నాడు. నవలకు సరిగమలు లేవు కనక అక్కడ గందరగోళం లేదు. ఆ మాటను మళ్లీ పాట దగ్గరికి తెచ్చేసరికే తేడా కొడుతుంది.

నా ఓటు ‘బహుగళ గానం’కి. పత్రికల్లో ‘గళం విప్పారు’ అని రోజూ చదువుతున్నాం కాబట్టి కొత్తగా ఉండదు. మాట్లాడేటప్పుడు ‘పలు గొంతుల పాట’ అనండి, ఇంకా హాయి. ‘బహుగొంతు గానం’ అని మాత్రం అతికించకండి. వ్యాకరణం సంగతి తర్వాత, ముందు చెవే ఒప్పుకోదు.

మీ పెద్దాయన మాటకు వస్తాను. ఆయన అన్నదాంట్లో సగం నిజముంది, ఆ సగాన్ని మన నుడికారమే చెబుతుంది. పదిమంది ఒప్పుకున్నారంటే ‘ఏకకంఠంతో’ అంటాం, ‘గొంతు కలిపారు’ అంటాం. మరీ ఒప్పుకుంటే ‘వంత పాడుతున్నాడు’ అని ఎద్దేవా చేస్తాం. తలో వరసా పాడితే? ‘తలో రాగం తీశారు’, ‘ఎవరి పాట వాళ్లదే’. అంటే తగువు. సంగీతశాస్త్రంలోనూ దగ్గరదగ్గరగా ఉండి ఒరుసుకునే స్వరాలకు వివాది అని పేరు పెట్టారు, వివాదంలోని మాటే అది.

లిథువేనియా ఈశాన్య ప్రాంతంలో ఆడవాళ్లు పాడే పాత పాటలున్నాయి. స పక్కనే రి ఉన్నంత దగ్గరి స్వరాలను ఇద్దరు ఒకేసారి పాడతారు, రెండూ ఒరుసుకుని గంట కొట్టినట్టు మోగుతాయి. మన చెవికి పచ్చి అపశ్రుతి. వాటి పేరు సుతార్తినెస్. ఆ పేరు ‘సుతార్తి’ అనే క్రియ నుంచి వచ్చింది, దాని అర్థం ఒప్పందానికి రావడం! మనం వివాది అన్నదాన్ని వాళ్లు ఒప్పందం అన్నారు. ఇంకో ముచ్చట: ఇద్దరు పాడితే ద్వేయినెస్, ముగ్గురు పాడితే త్రేయినెస్, నలుగురైతే కెతురినెస్. ద్వి, త్రి, చతుర్ వినిపించడంలేదూ? ఇది కాకతాళీయం కాదు, సంస్కృతమూ లిథువేనియనూ ఒకే భాషాకుటుంబానివి. 2010లో యునెస్కో ఈ పాటలను తన వారసత్వ జాబితాలో చేర్చింది. జార్జియా పాటలకు యునెస్కో గుర్తింపు 2001లోనే వచ్చింది.

మిగతా సగం నిజం కాదు. ‘మనకు’ అన్నప్పుడు ఎంతమేర గీత గీస్తున్నారో చూసుకోవాలి. నాగాలాండ్ ఫేక్ జిల్లాలో చాఖెసాంగ్ నాగాలు మెట్లమడుల్లో వరి పని చేస్తూ పలు గొంతుల్లో పాడుకుంటారు, ‘లి’ అంటారు ఆ పాటలను. మన నాట్ల పాటల్లో ఒకరు చెబితే తక్కినవాళ్లు అందుకుంటారు, అక్కడ గొంతులన్నీ అల్లుకుంటాయి. అదే వరి, అదే బురద. అంత దూరం వద్దనుకుంటే మొహర్రం రోజుల్లో సోజ్ అనే శోకగీతాలు పాడేచోటికి వెళ్లండి. వాద్యాలు ఉండవు. ముందు పాడేవారికి ఇరుపక్కలా కూర్చున్నవారు ఆధారస్వరాన్ని గొంతుతోనే నిలబెడతారు. దాన్ని ‘ఆస్’ అంటారు, నిలబెట్టేవారిని బాజూలు అంటారు. హైదరాబాదీలు పక్కన అనడానికి వాడే ‘బాజూ’నే.

శ్రుతి సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. శ్రుతి కలపడం అంటే అందరూ ఒక ఆధారానికి కుదరడం. అది పాటకు ముందు జరగాల్సిన పని, పాలిఫోనీ కాదు. కాని తంబూరా చేసే పనిని గొంతే చేస్తూ పైన ఇంకో గొంతు వేరే వరసలో నడిస్తే, పరిశోధకులు దాన్ని బహుగళ గానం లెక్కలోనే వేస్తారు. దక్షిణ అల్బేనియాలో అలాగే పాడతారు. కిందివాళ్లు ‘ఎ’ అనే అచ్చు మీద నిలబడి, ఒకరు ఊపిరి పీల్చుకుంటే ఇంకొకరు పట్టుకుంటూ, తెగకుండా లాగుతారు. వాళ్లు దాన్ని ‘ఇసో’ అంటారు. నేనైతే తెలుగులో ‘గొంతు శ్రుతి’ అంటాను.

1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డులో జార్జియా మగవాళ్లు కలిసి పాడిన ‘చాక్రులో’ ఉంది, హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ ఒంటరిగా పాడిన భైరవి రాగమూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. నేను ఇంత రాసిన తేడా ఐదారు నిమిషాల్లో తెలిసిపోతుంది.

గొంతుల పేర్లంటారా, ఆల్టోను ఆల్టో అనే ఉంచేయండి. మీరందరూ అలాగే అంటున్నారు, అర్థమవుతోంది, చాలు. పేర్లను అనువదిస్తే ఎక్కడ తేలతామో చెప్పలేం. జార్జియాలో అడుగు గొంతు పేరు ‘బాని’, మన బాణీతో చుట్టరికం కలపకూడదు. ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో నలుగురు మగవాళ్లు గుండ్రంగా నిలబడి పాడే పాటలో అడుగు గొంతు పేరు ‘బస్సు’. సికింద్రాబాద్‌లో ఉంటూ ఆ మాట వాడితే ఏమవుతుందో మీకే తెలుసు.

అన్నట్టు, మీరు ఉత్తరంలో ‘శృతి’ అని రాశారు. అది ‘శ్రుతి’. శకారానికి రావత్తు, కింద ఉకారం.