లాభం ఎలా వచ్చిందని అడగవచ్చా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటున్న రిటైర్డ్ టీచరును. గ్రాట్యుటీ డబ్బులో కొంత ఒక ఈఎస్‌జీ మ్యూచువల్ ఫండులో పెట్టాను. ప్రకృతికి, మనుషులకు హాని చేయని కంపెనీల్లోనే ఈ డబ్బు పెడతారని ఏజెంటు చెప్పారు. ఈ మధ్య ఫండు జాబితా చూస్తే, మా చెల్లెలి కొడుకు కాంట్రాక్టు కింద పనిచేస్తున్న కంపెనీ పేరు అందులో కనిపించింది. వాడికి రెండు మూడు నెలలకోసారి గానీ జీతం రాదు. పీఎఫ్ కోస్తారు, ఖాతాలో మాత్రం పడదు. నా డబ్బు వెనక్కి తీసుకోవడం న్యాయమా, ఉంచడం న్యాయమా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు అబ్బాయి జీతం సంగతి చూద్దాం, ఫండు సంగతి తేలేదాకా దాన్ని ఆపవద్దు. గుత్తేదారు వేతనం ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే ఆ కంపెనీయే, చెల్లించి తీరాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఆ బాధ్యత నిలిచే ఉంది. పీఎఫ్ విషయంలోనూ అంతే. అబ్బాయిని తన యూఏఎన్ నంబరుతో (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి, జీతం చీటీలో కోత పడిన ప్రతి నెలకూ ఎదురుగా ఎంత జమ అయిందో ఒక కాగితం మీద రాసుకోమనండి. పీఎఫ్ కార్యాలయంలో ఇచ్చే ఫిర్యాదుకు ఆ కాగితమే ఆధారం. మీరు ఫండుకు రాయబోయే ఉత్తరానికి కూడా అదే ఆధారం అవుతుంది.

ఇక ఫండు. ఈఎస్‌జీ అంటే పర్యావరణం, సమాజం, పాలన అనే మూడింటినీ తూచి పెట్టుబడి పెట్టడం. అయితే ఆ తూకం అన్ని ఫండ్లలో ఒకటి కాదు. 2023 జూలైలో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఈ పథకాలను ఆరు రకాలుగా విడదీసింది. కొన్ని పథకాలు ఫలానా వ్యాపారాల జోలికి అసలు పోవు. మరికొన్ని ప్రతి రంగంలోనూ మిగతావారి కన్నా మెరుగైన కంపెనీలను ఎంచుకుంటాయి. రెండో రకంలో 'మెరుగు' అన్న మాటకు పక్క కంపెనీతో పోలిస్తే మెరుగని మాత్రమే అర్థం. పథకం తాను చెప్పుకున్న పద్ధతిలోనే కనీసం 80 శాతం ఆస్తులు పెట్టాలన్న నియమం కూడా ఉంది. మీ పథకం ఏ రకమో దాని పత్రంలోనే రాసి ఉంటుంది. ఏజెంటు చెప్పిన 'హాని చేయని కంపెనీలు' అన్న మాట అందులో ఉందో లేదో స్వయంగా చూసుకోండి.

తరువాత ఆ కంపెనీ వార్షిక నివేదిక తెరవండి. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే బాధ్యతా నివేదికను తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో తొమ్మిది సూత్రాలుంటాయి. మూడోది ఉద్యోగుల, కార్మికుల సంక్షేమం, అయిదోది మానవ హక్కులు. మీకు కావలసింది మూడో సూత్రం కింద మొదట్లోనే వచ్చే ఒక చిన్న పట్టిక. పీఎఫ్, గ్రాట్యుటీ, ఈఎస్ఐ అని అడ్డంగా మూడు వరుసలు, ఒక్కొక్కదాని ఎదురుగా ఎంత శాతం మందికి వర్తిస్తోందో అంకెలు, చివర 'కోసి, జమ చేశారా' అన్న గడి. ఆ గడిలో సాధారణంగా 'అవును' అనే ఉంటుంది. ఆ పేజీని అబ్బాయి పాస్‌బుక్ పక్కన పెట్టి చూడండి. ఆ 'అవును' గుత్తేదారు మనుషులకు కూడా వర్తిస్తుందా, లేక వాళ్లను ఆ లెక్కలోకే తీసుకోలేదా అన్నది మీరు అడగవలసిన మొదటి ప్రశ్న. గుత్తేదారుల వంటి భాగస్వాములు ఈ బకాయిలు కడుతున్నారో లేదో ఎలా చూస్తున్నారన్న ప్రశ్న కూడా అదే సూత్రం కింద ఉంది గానీ, దానికి జవాబు ఇవ్వడం కంపెనీ ఇష్టానికి వదిలారు. నా దృష్టిలో ఈ నివేదికలోని పెద్ద లోపం ఇదే. మన దగ్గర పని నడిచేదే గుత్తేదారు మనుషులతో అయినప్పుడు, వాళ్ల గురించిన ప్రశ్నను ఐచ్ఛికం చేయడం న్యాయం కాదు. అయిదో సూత్రం కింద వేతనాల మీద వచ్చిన ఫిర్యాదులు 'సున్నా' అని ఉంటే కూడా నాకు నమ్మకం కలగదు. వేల మంది పనిచేసే చోట ఒక్క ఫిర్యాదూ లేదంటే, ఫిర్యాదు చేసే దారి కార్మికుడికి తెలుసా అన్న అనుమానమే ముందు వస్తుంది.

అమ్మాలా, ఉంచాలా అన్నదానికి మన పత్తి చేల నుంచే ఒక ఉదాహరణ ఉంది. హైబ్రిడ్ పత్తి విత్తనం చేతి పనితో తయారవుతుంది. సాయంత్రం ఆడ మొక్కల మీది మొగ్గను గోటితో ఒలిచి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. రైతులు దీన్ని క్రాసింగ్ అంటారు. ఒక ఎకరంలో ఇలాంటి మొగ్గలు వేలల్లో ఉంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో, ముఖ్యంగా కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో, ఈ పని ఎక్కువగా బడి మానేసిన ఆడపిల్లలు చేసేవారు. ఈ కారణంతోనే నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి నైతిక మండలి, అమెరికా విత్తన కంపెనీ మోన్‌శాంటోలో వాటాలు వదులుకోమని 2006లో సిఫారసు చేసింది. ఆ దేశ ఆర్థిక శాఖ మాత్రం వాటాలు అమ్మలేదు. వాటాదారు హోదాలోనే కంపెనీని నిలదీసి, విత్తన చేలల్లో పిల్లల పని తగ్గించేలా ఒత్తిడి తేవాలని నిర్ణయించింది. అమ్మేస్తే ఆ వాటాలు ఇంకొకరు కొంటారు, ప్రశ్న అడిగే చోటు కూడా పోతుందన్నది ఆ పక్షం వాదన. అడిగినా వినని కంపెనీలో ఎన్నాళ్లు ఉండాలన్నది దానికి ఎదురు వాదన, అదీ తోసిపుచ్చదగింది కాదు.

మీరు చేతిలోని యూనిట్లు అమ్మితే ఆ కంపెనీకి తెలియను కూడా తెలియదు. అందువల్ల ముందు అడగండి అంటాను. కంపెనీ సమావేశాల్లో ఓటు వేసేది మీరు కాదు, మీ తరఫున ఫండు. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు అన్ని తీర్మానాల మీదా ఓటు వేయవలసిందే. ఎటు వేశారో, ఎందుకు వేశారో తమ వెబ్‌సైటులో పెట్టాలి. పెట్టుబడి పెట్టిన కంపెనీలతో మాట్లాడే బాధ్యతను కూడా సెబీ 2020 జూలై నుంచి వాళ్ల మీద పెట్టింది. కాబట్టి పాస్‌బుక్ వివరాలు జతచేసి (అబ్బాయి ఒప్పుకుంటేనే, పేరు తీసేసి), ఈ కంపెనీతో గుత్తేదారు కార్మికుల వేతనాల గురించి ఎప్పుడు మాట్లాడారు, ఏం జవాబు వచ్చింది అని ఫండు సంస్థకు రాయండి. మూడు నెలలు ఆగండి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబులో ఆ కార్మికుల ప్రస్తావన లేకపోయినా, కారణం రాసి మరీ డబ్బు వెనక్కి తీసుకోండి.

ప్రశ్న: మా ఊరి దగ్గరి ఒక కంపెనీ బడికి బెంచీలు, ఊరికి మంచినీళ్ల ప్లాంటు ఇచ్చింది. దాని దుమ్ముతోనే మా చేలు తెల్లబడుతున్నాయి. సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) పనులు చేసింది కాబట్టి బాధ్యత గల కంపెనీ అనాలా?
– డిగ్రీ విద్యార్థి, పెద్దపల్లి జిల్లా

జవాబు: అనవలసిన అవసరం లేదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, నిర్దేశించిన స్థాయి దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. అది లాభం వచ్చాక చేసే ఖర్చు. దుమ్ము లేవకుండా చూడడం లాభం సంపాదించే పద్ధతికి సంబంధించిన బాధ్యత. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయవలసిన పనిని సీఎస్‌ఆర్‌గా చూపకూడదని నిబంధనల్లోనే ఉంది. కాబట్టి బెంచీలకు కృతజ్ఞత చెప్పండి. దుమ్ముకు మాత్రం తేదీలు వేసిన ఫోటోలతో కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇవ్వండి. ఒకదానికి ఒకటి చెల్లు కాదు.

ప్రశ్న: పరకాల దగ్గర నాకు చిన్న జిన్నింగ్ మిల్లు ఉంది. మా దూది కొనే స్పిన్నింగ్ మిల్లు వారు ఈసారి పద్నాలుగు పేజీల ప్రశ్నావళి పంపారు. హమాలీల వయసు, ఇచ్చిన అడ్వాన్సులు, ఆడవాళ్ల మరుగుదొడ్లు, పత్తి ఏరిన వాళ్లకు ఇచ్చిన కూలి, అన్నీ అడుగుతున్నారు. ఇవన్నీ వాళ్లకెందుకు? టిక్కులు పెట్టి పంపితే సరిపోదా?
– మిల్లు యజమాని, హనుమకొండ జిల్లా

జవాబు: వాళ్లను వాళ్ల కొనుగోలుదారులు అడుగుతున్నారు గనుక మిమ్మల్ని అడుగుతున్నారు. తన కార్ఖానాలోనే కాదు, సరుకు వచ్చే దారి పొడవునా మనుషుల హక్కులకు భంగం కలగకుండా చూడాలన్నది 2011లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శక సూత్రాల సారం. జర్మనీ దీన్ని 2023 నుంచి చట్టంగా అమలు చేసింది. బలవంతపు చాకిరీతో తయారైన సరుకును తమ మార్కెట్లోకి రానివ్వకూడదని ఐరోపా సమాఖ్య 2024లో చేసిన నిబంధన 2027 డిసెంబరు నుంచి అమలవుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చిన పత్తి మీ మిల్లులో దూదై, నూలై, చొక్కాయై అక్కడి దుకాణం చేరుతుంది. ఆ దారిలో మీరూ ఒక మజిలీ.

టిక్కులు పెట్టి పంపకండి. అడ్వాన్సు పేజీని మాత్రం రెండుసార్లు చదవండి. అడ్వాన్సు ఇవ్వడం తప్పు కాదు. అది తీరేదాకా మనిషి ఇంకోచోటికి వెళ్లడానికి వీల్లేదంటే, 1976 చట్టం ప్రకారం అది వెట్టి. ఒడిశా నుంచో, మహారాష్ట్ర నుంచో వచ్చిన కూలీల ఆధార్ కార్డులు మేస్త్రీ దగ్గర ఉంటే ఈరోజే తిరిగి ఇప్పించండి. పద్నాలుగేళ్లలోపు పిల్లలు, అమ్మతో వచ్చారన్న సాకుతో కూడా, యంత్రాల దగ్గర ఉండకూడదు.

ఏరిన కూలి గురించి మీకు నిజంగా తెలియకపోతే 'తెలియదు' అని రాసి, ఏ రైతుల దగ్గర, ఎప్పటిలోగా కనుక్కుంటారో కింద రాయండి. లేని లెక్కను ఉన్నట్టు రాస్తే, తనిఖీకి వచ్చినవారు ఒక హమాలీని పక్కకు పిలిచి అడిగిన క్షణంలో బయటపడుతుంది. హమాలీల పేరు, వయసు, రోజు కూలి, అడ్వాన్సు, సంతకం అన్న అయిదు గడులతో ఒక రిజిస్టరు చాలు. కొత్త పత్తి బండ్లు రాకముందే, దసరాలోపు, మొదలుపెట్టండి.