మీరు బెర్లిన్‌లో ఉంటే, అమెరికా టీమ్‌మేట్స్ మీటింగ్‌కి రావట్లేదంటే...

వాళ్లకు శ్రద్ధ లేక కాదండీ, గడియారం మారింది. ఎండాకాలం కోసం అమెరికాలో మార్చి రెండో ఆదివారమే గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, జర్మనీలో మార్చి చివరి ఆదివారం. ఈ మధ్యలో న్యూయార్క్ వాళ్లు ఎప్పటిలా ఉదయం 9కి వస్తే, బెర్లిన్‌లో మీకు మధ్యాహ్నం 3 కాదు, 2. ఖాళీ స్క్రీన్ చూసి వెళ్లిపోతున్నారు, పాపం.

1. చాట్‌లో టైమ్ రాయడం మానేసి క్యాలెండర్ ఇన్వైట్ పంపండి.
2. అందరూ వదిలేసేది ఇదే: ఇన్వైట్‌లో టైమ్‌జోన్‌గా ఒకే ఊరు పెట్టండి, మీకైతే బెర్లిన్. ‘ఈఎస్‌టీ’ అని రాయొద్దు, అది న్యూయార్క్ వైపు చలికాలపు టైమ్ మాత్రమే. ఇక మిగతావాళ్ల క్యాలెండర్‌లో టైమ్ దానంతటదే సర్దుకుంటుంది.
3. అక్టోబర్ చివర్లో మళ్లీ ఒక వారం ఇదే తేడా.

గ్రూప్‌లో ఇవాళే చెప్పండి, వాళ్లూ టెన్షన్ పడుతుంటారు.